నాకిచ్చిన వేషం

ఊళ్ళో ఇల్లు అమ్మేశాం. రిజిస్ట్రేషన్‌కి వారం ముందు నేనొక్కడినే వెళ్ళి కొట్టుగది తలుపు తీశాను. కొట్టు మూసేసి పాతికేళ్ళు దాటింది. తలుపు తీయగానే ఇంగువ వాసన. దాని వెనకే బెల్లం, గోనెసంచులు, పాత కాగితం. డబ్బాలన్నీ ఎప్పుడో పోయాయి. గోడలకి రెండుసార్లు సున్నం వేయించాం. అయినా ఆ వాసన చెక్క అరల్లోకి ఇంకిపోయి అక్కడే ఉంది.

మూలన ఇనప్పెట్టె. అమ్మ పోయాక దాని తాళంచెవి నా దగ్గరే ఉంది. తెరిస్తే ఎర్రగుడ్డ అట్టల ఆవర్జాలు, అంటే పద్దు పుస్తకాలు, నాలుగు. నూలుదారంతో కట్టిన ప్రోనోట్ల కట్ట, అప్పు పత్రాలది, ఒకటి. నోట్లన్నీ కాలదోషం పట్టినవే. అన్నిటికంటే అడుగున ఇత్తడి తక్కెడ. పళ్ళేలు ఒకదాంట్లో ఒకటి పెట్టి, గొలుసులు చుట్టి, పాత పంచె ముక్కలో మూటగట్టి ఉంది. దాన్ని చూడగానే నాన్న కంటే ముందు నాకు షేక్స్‌పియర్ నాటకంలోని షైలాక్ గుర్తొచ్చాడు. చాలాసేపు ఆ గచ్చు మీదే కూర్చుండిపోయాను.

*

మాది తెనాలి దగ్గర కాలవగట్టు మీద ఊరు. నాన్నది చిల్లర కొట్టు. ఉప్పు, పప్పు, కిరసనాయిలు, పసుపు, ఇంగువ. దాంతోపాటు అప్పులిచ్చేవాడు. నెలకి నూటికి రెండు రూపాయలు వడ్డీ. చిన్నప్పుడు అది నాకు ఎక్కువనిపించలేదు. బ్యాంకు ఉద్యోగంలో చేరి, ఏడాదికి నూటికి ఇరవై నాలుగని లెక్క వేసుకున్నప్పుడు అనిపించింది.

నోటు రాయించుకోవడం ఒక తంతులా ఉండేది. రెవెన్యూ స్టాంపు నాలిక మీద తడిపి అంటించడం, దాని మీద పడేలా అడ్డంగా సంతకం, సంతకం రానివాళ్ళకి ఎడమ బొటనవేలు. నోటుకి మూడేళ్ళు ఆయుష్షు. ఆ లోపల ఎంతో కొంత కట్టించుకుని నోటు వెనక చెల్లు రాయించుకుంటే మళ్ళీ మూడేళ్ళు. నాన్న రాత్రిళ్ళు లాంతరు దగ్గర నోట్లన్నీ తిరగేసి ఏది ఎప్పుడు పోతుందో చూసుకునేవాడు. ఆ కాగితాల గరగర వింటూ నేను నిద్రపోయేవాణ్ణి.

అప్పు కావాల్సినవాళ్ళు పొద్దుగూకాక పెరటివైపు నుంచి వచ్చేవారు. “శెట్టిగారూ” అని మెల్లిగా పిలిచేవారు. తెల్లారి రచ్చబండ దగ్గర వాళ్ళ నోట్లోనే ఆ ‘గారు’ ఉండేది కాదు. మా కులం మీద సామెతలు చాలా ఉన్నాయి. అవి ఇక్కడ రాయను. బళ్ళో నా వెనక బెంచీ వాళ్ళకి అవన్నీ కంఠతా వచ్చు.

కొట్టు ముందు ఒక రాతిమెట్టు ఉండేది. దాని గురించి తర్వాత చెప్తాను.

*

మా హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారికి షేక్స్‌పియర్ అంటే ప్రాణం. పాఠం ఏదైనా చివరి పది నిమిషాలు ఆయన కథ చెప్పాల్సిందే. చార్లెస్ లాంబ్, ఆయన అక్క మేరీ పిల్లల కోసం 1807లో ఆ నాటకాల్ని కథలుగా రాశారు. ఆ పుస్తకం చిరిగిపోయిన ప్రతి ఒకటి ఆయన చేతిసంచిలో ఎప్పుడూ ఉండేది. నేను పదో తరగతిలో ఉండగా వార్షికోత్సవానికి ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’లో కోర్టు సీను ఇంగ్లీషులో వేయిద్దామనుకున్నారు. తెలుగు మీడియం పిల్లలం. డైలాగులన్నీ ఆయనే తెలుగు అక్షరాల్లో రాసి ఇచ్చారు.

ముందు కథ చెప్పారు. వెనిస్ నగరంలో ఆంటోనియో అనే పెద్ద వర్తకుడు. అతని స్నేహితుడు బసానియో బెల్మాంట్‌లో ఉండే పోర్షియా అనే ధనవంతురాల్ని పెళ్ళాడాలని వెళ్తున్నాడు. చేతిలో డబ్బు లేదు. ఆంటోనియో డబ్బంతా సముద్రం మీద ఓడల్లో ఉంది. అందుకని ఇన్నాళ్ళూ తాను నలుగురిలో తిట్టిన షైలాక్ అనే యూదు వడ్డీ వ్యాపారి దగ్గర మూడు నెలల గడువుతో మూడు వేల డకెట్లు అప్పు తీసుకున్నాడు. షైలాక్ వడ్డీ అడగలేదు. గడువులోపు తీర్చకపోతే నీ ఒంట్లోంచి ఒక పౌను మాంసం కోసుకుంటానని, ఇదంతా సరదాకేనని పత్రం రాయించుకున్నాడు. ఓడలు మునిగాయన్న కబురొచ్చింది, గడువు దాటింది, విషయం కోర్టుకెళ్ళింది.

వేషాలు పంచుతూ మాస్టారు షైలాక్ దగ్గరికి రాగానే నా వైపు చూసి, “నువ్వు సరిపోతావురా” అన్నారు. క్లాసంతా గొల్లుమంది. ఆయన ఎందుకలా అన్నారో నాకిప్పటికీ తేలలేదు. నాకు కంఠస్థం బాగా వచ్చేది, గొంతు పెద్దది. అందుకే అయ్యుండొచ్చు. కానీ ఆ నవ్వు ఎందుకో అందరికీ తెలుసు.

పోర్షియా మా క్లాసులో బక్కపల్చటి కుర్రాడు. ఆడపిల్లలు స్టేజి ఎక్కడం మా ఊళ్ళో అప్పటికింకా లేదు. షేక్స్‌పియర్ రోజుల్లో కూడా ఆడవేషాలు అబ్బాయిలే కట్టేవారని మాస్టారు వాడికి ధైర్యం చెప్పారు. పోర్షియా కోర్టుకి మగ లాయరు వేషంలో వస్తుంది. అంటే అబ్బాయి ఆడపిల్లయి, ఆ ఆడపిల్ల మళ్ళీ అబ్బాయి కావాలి. వాడు రిహార్సల్లో ఆ నడక కోసం పడ్డ తంటాలు చూసి నా టెన్షన్ కొంత తగ్గేది.

*

ఒక రాత్రి డైలాగులు గట్టిగా చదువుకుంటుంటే నాన్న అడిగాడు, ఏంటిరా అది అని. కథంతా చెప్పాను. చిట్టా మూసి వింటూ కూర్చున్నాడు. నాన్న చదువు ఐదో తరగతి. మధ్యలో ఒకటే ప్రశ్న వేశాడు.

“వడ్డీ ఎంతకి రాయించుకున్నాడు?”

“వడ్డీ లేదు నాన్నా. అసలుకి మాత్రమే.”

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: “అయితే వాడికి డబ్బు మీద ఆశ లేదు. వడ్డీ వద్దన్నవాడి నోటు మీద సంతకం పెట్టకూడదు.”

తీర్పు కూడా చెప్పాను. లాయరు వేషంలో ఉన్న పోర్షియా, పత్రంలో మాంసం అని ఉంది, నెత్తురని లేదు, కోసుకో కానీ ఒక్క చుక్క రక్తం కారినా నీ ఆస్తంతా పోతుందని అంటుంది. మాకు రిహార్సల్లో అది గొప్ప చమత్కారం. నాన్నకి నచ్చలేదు.

“కొబ్బరికాయ అమ్మి, నీళ్ళు నావే అంటే కుదురుతుందా? మాంసం అన్నాక నెత్తురు వేరే రాస్తారా ఎవరైనా? ఆ నోటు చెల్లదని మొదటే కొట్టేయాల్సింది. ఇంతదూరం రానిచ్చి, కత్తి చేతికిచ్చి, అప్పుడు కాదంటే ఎలా?”

1872లో యేరింగ్ అనే జర్మన్ న్యాయశాస్త్రవేత్త అచ్చంగా ఇదే వాదన రాశాడని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. పత్రం చెల్లదని చెప్పి కొట్టేస్తే సరిపోయేది, చెల్లుతుందని ఒప్పుకున్నాక ఇలా మెలిక పెట్టి కాదనడం చట్టం చేయాల్సిన పని కాదని ఆయన అభిప్రాయం. అది చదివిన రోజు నాన్న బతికి ఉంటే బాగుండనిపించింది.

*

నాన్న అంత పట్టుగా మాట్లాడటానికి కారణం ఉంది. అప్పటికే తెనాలి కోర్టులో ఆయన వేసిన దావా ఒకటి నడుస్తోంది.

అంతకు ముందు ఏడాది, ఊళ్ళో ఒక మోతుబరి రైతు దగ్గరికి నాన్న బాకీ అడగడానికి వెళ్ళాడు. నేనూ వెంట ఉన్నాను. కాలవగట్టు మీద పది మంది కూర్చుని ఉన్నారు. పదిమందిలో అడిగాడని ఆయనకి కోపం వచ్చింది. నాన్నకి కూడా అలా అడగాల్సిన పనిలేదు, ఇంటికెళ్ళి అడగొచ్చు. ఆ రోజు ఎందుకడిగాడో. ఆయన కులం పేరు పెట్టి ఒక మాట అని, నాన్న చంకలోని ఆవర్జా లాగి కాలవలోకి విసిరేశాడు. కూర్చున్నవాళ్ళలో కొందరు నవ్వారు. నాన్న పంచె ఎగ్గట్టి మొలలోతు నీళ్ళలోకి దిగి ఆ పుస్తకం తీసుకున్నాడు. గట్టెక్కి ఎవరినీ చూడకుండా నడిచాడు. దారి పొడుగునా పుస్తకంలోంచి నీలంసిరా నీళ్ళు ఆయన చేతిమీదుగా కారుతూనే ఉన్నాయి.

ఇంటికొచ్చి దారం తెంపి, ఏ కాగితానికి ఆ కాగితం విడదీసి, డాబా మీద ఎండకి పరిచాడు. గాలికి ఎగరకుండా ఒక్కో కాగితం మీద నాలుగు చింతగింజలు. నేనూ చెల్లెలూ గింజలు అందించాం. సాయంత్రం దాకా నాన్న ఆ కాగితాల మధ్యే కూర్చున్నాడు. అలికిపోయిన పద్దుల్ని జ్ఞాపకం మీద పెన్సిలుతో తిరగరాశాడు.

ఆ తర్వాత ఆయన ఏమీ అనలేదు. నోటుకి మూడేళ్ళు నిండటానికి రెండు నెలలుందనగా, ఆ రైతు పాలేరు చేత కొంత డబ్బు పంపాడు. తీసుకుని చెల్లు వేస్తే గొడవ సద్దుమణిగేది. నాన్న తీసుకోలేదు. “మొత్తం తెస్తేనే” అన్నాడు. ఇంకోసారి ఇంకాస్త ఎక్కువ వచ్చింది. అదీ వద్దన్నాడు. అమ్మ బతిమాలింది. గడువు ముగియడానికి వారం ముందు వెళ్ళి దావా వేశాడు.

కోర్టు సీనులో బసానియో మూడు వేలకి ఆరు వేలిస్తానంటాడు. ఆ ఆరు వేలలో ఒక్కో డకెట్టూ ఆరు ముక్కలై, ఒక్కో ముక్కా ఒక డకెట్టయినా నాకొద్దంటాడు షైలాక్. ఆ డైలాగు నేర్చుకోవడం నాకు అస్సలు కష్టం కాలేదు. అలాంటి మాట అన్న మనిషి గొంతు ఎలా ఉంటుందో నాకు తెలుసు. పెద్దగా ఉండదు. చాలా నెమ్మదిగా ఉంటుంది.

*

నాటకానికి తక్కెడ కావాలి. మాంసం తూచడానికి త్రాసు ఉందా అని పోర్షియా అడిగితే, సిద్ధంగా ఉందని షైలాక్ చూపించాలి. మాస్టారు నన్నే తెమ్మన్నారు. నాన్న చింతపండు పెట్టి ఇత్తడి పళ్ళేలు తోమి ఇచ్చాడు. కొబ్బరికాయలు చెక్కే కత్తి కూడా ఇచ్చాడు, పదును తీసేసి.

ఆ రాత్రి బడి ఆవరణలో ఊరు ఊరంతా ఉంది. ముందు వరసలో కుర్చీలు, వెనక చాపలు, ఆ వెనక గోడ ఎక్కినవాళ్ళు. రికార్డు డాన్సు అయింది, బుర్రకథ అయింది, మేం ఎక్కాం. నాకు మాస్టారి భార్య పాత నల్లకోటేదో కుట్టి పెట్టింది. జనపనార గడ్డం దురద.

నేను తక్కెడ పైకెత్తి పట్టుకున్నాను. లైటు ఇత్తడి మీద పడి మెరిసింది. వెనక నుంచి ఎవరో, “అరె, వాళ్ళ కొట్లో తక్కెడే!” అని అరిచారు. ఆ నవ్వు చాపల మీద నుంచి లేచి కుర్చీల దాకా వచ్చింది. ఆ తర్వాత జనం చూసింది వెనిస్ నాటకం కాదు. కొట్టు శెట్టి కొడుకు కత్తి నూరుతున్నాడు, ఓడిపోతాడు, చూద్దాం, అంతే. డైలాగుల్లో ఒక్క ముక్కా అర్థం కాకపోయినా కథ మాత్రం వాళ్ళకి పూర్తిగా అర్థమైంది.

నెత్తురు మాట రాగానే ఈలలు. బసానియో స్నేహితుడు గ్రషియానో వేషం వేసినవాడు నన్ను ఎగతాళి చేసే చోట, జనం ఊపు చూసి, మాస్టారు నేర్పని పని ఒకటి చేశాడు. నా కోటు మీద ఉమ్మేశాడు. చప్పట్లు పడ్డాయి. నాటకం మొదట్లో షైలాక్ ఆంటోనియోతో, పోయిన బుధవారం నా మీద ఉమ్మావు, ఇంకోరోజు కుక్కా అన్నావు, ఈ మర్యాదలకేనా నీకు అప్పివ్వాలి అని అడుగుతాడని అప్పటికి నాకు తెలియదు. ఆ సీను మేం వేయలేదు.

తీర్పు ప్రకారం షైలాక్ ఆస్తిలో సగం ఆంటోనియోకి, సగం ప్రభుత్వానికి. ఆంటోనియో దయతలచి తన సగాన్ని సొంతం చేసుకోకుండా తన చేతికింద ఉంచుకుని, షైలాక్‌ని వదిలి లేచిపోయిన కూతురు జెస్సికాకీ, ఆమె మొగుడు లోరెంజోకీ చివరికి చేరేలా ఏర్పాటు చేయమంటాడు. ఇంకో షరతు కూడా పెడతాడు. షైలాక్ వెంటనే క్రైస్తవుడు కావాలి. ఒప్పుకుంటావా అంటుంది పోర్షియా. అప్పుడు నేను అనాల్సిన మాట, “ఐ యామ్ కంటెంట్.” సరే అని. దాని తర్వాత, “ఐ ప్రే యు, గివ్ మి లీవ్ టు గో ఫ్రమ్ హెన్స్. ఐ యామ్ నాట్ వెల్.” నన్ను పోనివ్వండి, నాకు ఒంట్లో బాగోలేదు.

ఆ మాట ఈలల్లో ఎవరికీ వినపడలేదు. తక్కెడ చేతిలో వేలాడేసుకుని స్టేజి దిగాను. దిగే చోట చీకట్లో నాన్న నిలబడి ఉన్నాడు. తక్కెడ నా చేతిలోంచి తీసుకుని, గొలుసులు చిక్కుపడకుండా చుట్టి, తన తువ్వాలుతో నా కోటు మీద ఉమ్మి తుడిచాడు. దారిలో ఏమీ మాట్లాడుకోలేదు.

మర్నాడు మాస్టారు నన్ను స్టాఫ్ రూమ్ బయటికి పిలిచి ఒక కాగితం ఇచ్చారు. మేం వేయని సీనులోది, మూడో అంకం మొదట్లో వచ్చే మాటలు. తెలుగు లిపిలో, కింద తెలుగు అర్థంతో, రాత్రి కూర్చుని రాసినట్టున్నారు. యూదుకి కళ్ళు లేవా? చేతులు లేవా? మీరు తినే తిండే తినడా? మీరు గుచ్చితే మాకు నెత్తురు రాదా? మీరు అన్యాయం చేస్తే మేం పగ తీర్చుకోమా? “ఇది ముందే చదివించి ఉండాల్సింది రా” అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

*

దావా నాన్న గెలిచాడు. అసలు, వడ్డీ, కోర్టు ఖర్చులతో డిక్రీ వచ్చింది. డబ్బు కట్టకపోతే అమలు దరఖాస్తు, దాని మీద పొలం జప్తు. కోర్టు మనిషి వచ్చి పొలం గట్టు మీద టముకు వేయించి, జప్తు ఉత్తర్వు చదివి, కాగితం అంటించాడు. మా ఇంట్లోకి ఆ టముకు వినిపించింది. డుబుడుబుమని మూడుసార్లు. ఎకరం పొలం వేలానికి రాకుండా ఆ రైతు ఎక్కడో తెచ్చి డబ్బు కట్టేశాడు.

షైలాక్ ఓడిపోయాడు, మా నాన్న గెలిచాడు. అయినా గెలుపు రోజు సాయంత్రం ఆయన కొట్లో గుమ్మానికెదురుగా కూర్చుని ఉంటే, ఎవరూ రాలేదు. మర్నాడూ రాలేదు. ఆ వీధివాళ్ళంతా పక్క ఊరి కొట్టుకెళ్ళడం మొదలుపెట్టారు. అమ్మ కంచం పెట్టి పిలిచింది.

“గెలిచారుగా. వచ్చి అన్నం తినండి.”

ఆ రాత్రి నాన్న తినలేదు. కొన్నాళ్ళకి జనం మళ్ళీ వచ్చారు, అవసరాలు అలాంటివి. పెరటి తలుపు దగ్గర “శెట్టిగారూ” అన్న పిలుపు కూడా మళ్ళీ వినపడింది. కానీ నాన్న ఆ తర్వాత కొత్త నోట్లు రాయించుకోవడం బాగా తగ్గించేశాడు. ఎందుకని నేనడగలేదు. ఇనప్పెట్టెలో మొన్న ఆ రైతు నోటు కోసం వెతికాను. ఉండదని తెలిసి కూడా వెతికాను. దావాలో దాఖలైన కాగితం కోర్టు కట్టలోనే ఉండిపోతుంది.

*

నాటకం మొత్తం నేను చదివింది ఉద్యోగంలో చేరాక. బంగారం తాకట్టు లోన్ల కౌంటర్లో కూర్చునేవాణ్ణి. మధ్యాహ్నాలు ఖాళీ దొరికితే నిఘంటువు పక్కన పెట్టుకుని చదివేవాణ్ణి. జెస్సికా ఇంట్లోంచి ఎత్తుకెళ్ళిన ఉంగరం ఒకటి ఇచ్చి ఎక్కడో కోతిని కొనుక్కుందని షైలాక్ స్నేహితుడు ట్యూబల్ వచ్చి చెప్తాడు. షైలాక్ అంటాడు: అది నా టర్కాయిస్ రాయి ఉంగరం, నాకు పెళ్ళి కాకముందు లేయా ఇచ్చింది, అడివినిండా కోతుల్నిచ్చినా నేనది ఇచ్చేవాణ్ణి కాదు. నాటకం మొత్తంలో అతని భార్య లేయా పేరు ఆ ఒక్కచోటే. కౌంటర్లో నా ఎదురుగా ఎవరో ఒకావిడ గాజులు తీసి పెట్టి, తూకం వేసే లోపల వాటిని ఇంకోసారి ముట్టుకునేది. ఆ వాక్యం నాకు అక్కడ కూర్చునే అర్థమైంది.

ఇంకో చోట చదవడం ఆపేశాను. కోర్టులో షైలాక్ వెనిస్ పెద్దల్ని అడుగుతాడు. మీరు డబ్బిచ్చి కొన్న బానిసలున్నారు. వాళ్ళని గాడిదల్లా, కుక్కల్లా వాడుకుంటున్నారు. వాళ్ళని వదిలేయండి, మీ పిల్లల్నిచ్చి పెళ్ళి చేయండి, మీలాంటి పరుపుల మీద పడుకోనివ్వండి అంటే, వాళ్ళు మావాళ్ళు అంటారు కదా. ఈ పౌను మాంసమూ నేను కొనుక్కున్నదే. ఆ మాటకి సభలో ఎవరూ జవాబివ్వరు. నాకు మా కొట్టు ముందు రాతిమెట్టు కళ్ళముందుకొచ్చింది.

మాలపల్లె, మాదిగపల్లె వాళ్ళు ఆ మెట్టు కిందే నిలబడేవారు. డబ్బులు మెట్టు మీద పెట్టి వెనక్కి జరిగేవారు. నాన్న వాటి మీద నీళ్ళు చిలకరించి తీసుకునేవాడు. పప్పూ ఉప్పూ పైనుంచి, తగలకుండా, పట్టిన కొంగులోకి పోసేవాడు. నేనూ పోశాను. ఎన్ని వందలసార్లు పోశానో. కొందరి కంటే పొట్టివాణ్ణి, ముక్కాలి పీట ఎక్కి పోసేవాణ్ణి. కాలవలో ఆవర్జా పడ్డ రోజు ఏడ్చిన నేను, మర్నాడు పొద్దున ఆ పీట ఎక్కి ఉప్పు పోశాను. ఆ రెండూ ఒకే ఇంట్లో జరిగాయని తట్టడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది, అదీ ఒక ఇంగ్లీషు నాటకం చదివితే. మెట్టు కింద నిలబడ్డవాళ్ళు ఆ పద్దు ఏ పుస్తకంలో రాసుకున్నారో నాకు తెలియదు. రాసుకోకుండా ఉంటారని మాత్రం అనుకోను.

షేక్స్‌పియర్ తండ్రి జాన్ మీద కూడా 1570లో ఎక్కువ వడ్డీకి అప్పులిచ్చాడని కేసులు నడిచాయి. ఇంగ్లండ్‌లో యూదుల్ని 1290లోనే వెళ్ళగొట్టారు, మళ్ళీ 1656 దాకా బాహాటంగా రానివ్వలేదు. అంటే 1596 ప్రాంతాల్లో ఈ నాటకం రాసిన మనిషికి వడ్డీ వ్యాపారం ఇంట్లో తెలుసు. యూదులు మాత్రం ఎక్కువగా విన్న మాటల ద్వారానే తెలిసి ఉంటారు. ఆయన మనసులో ఏముందో నేను చెప్పలేను. లేయా ఉంగరం రాసింది ఆయనే, మతం మార్పించి అందరిచేతా అది దయ అనిపించిందీ ఆయనే. 1943లో, నాజీల ఏలుబడిలో వియన్నా బుర్గ్ థియేటర్‌లో ఇదే నాటకం వేశారు. షైలాక్‌ని చూస్తేనే జనానికి రోత పుట్టేలా వేర్నర్ క్రౌస్ నటించాడు. బయట ఆ ఊరి యూదుల్ని అప్పటికే రైళ్ళలో చావు శిబిరాలకి పంపించేశారు. ఆ సంగతి చదివిన రోజు మా బడి ఆవరణలో ఈలలు మళ్ళీ వినిపించాయి. రెండూ ఒకటి కావని తెలుసు. మమ్మల్ని ఎవరూ రైలెక్కించలేదు. కానీ చప్పట్లు ఎలా మొదలవుతాయో నేను స్టేజి మీద నుంచి చూశాను.

*

అమ్మాయి జర్మనీలో ఉద్యోగం చేస్తున్నప్పుడు మమ్మల్ని వెనిస్ తీసుకెళ్ళింది. అందరూ పడవలెక్కుతుంటే నేను గెట్టో, అంటే ఒకప్పటి యూదుల వాడ, చూడాలన్నాను. కన్నరెజో అనే వైపు, ఒక వంతెన దాటి, వంగి నడవాల్సిన చిన్న దారిలోంచి వెళ్తే ఒక చదరపు మైదానం. చుట్టూ ఇళ్ళు మిగతా వెనిస్ కంటే ఎత్తు. అంతస్తులు కురచగా, కిటికీలు దగ్గర దగ్గరగా. 1516లో నగర ప్రభుత్వం యూదులంతా ఈ దీవిలోనే ఉండాలంది. పక్కకి పెరగడానికి చోటు లేక ఇళ్ళు పైకి పెరిగాయి. రాత్రిళ్ళు గేట్లు వేసేవారు. కాపలావాళ్ళ జీతం లోపల ఉన్నవాళ్ళే కట్టాలి. భూములు కొనకూడదు, చాలా వృత్తులు చేయకూడదు. పాతబట్టల వ్యాపారం, వైద్యం, వడ్డీకి అప్పులివ్వడం చేసుకోవచ్చు. పేదలకి తాకట్టు మీద అప్పులివ్వడం అయితే వాళ్ళని ఊళ్ళో ఉండనివ్వడానికి పెట్టిన షరతు కూడా. ఆ పని చేయమన్నదీ వాళ్ళే, చేసినందుకు ఉమ్మిందీ వాళ్ళే. 1797లో నెపోలియన్ సేన వచ్చాకే ఆ గేట్లు పోయాయి.

గేటు ఉండే చోట రాతిలో ఇనపకమ్మీలు దిగిన గుంటలు ఇంకా కనిపిస్తాయి. వేలు పెట్టి చూశాను. మైదానంలో పాత తాకట్టు కొట్టు ఒకటి ఉంది, ఎర్ర బ్యాంకు అంటారు. తలుపు చిన్నది. షేక్స్‌పియర్ తన నాటకంలో ఈ గేట్ల మాట ఎక్కడా ఎత్తలేదు. కోర్టులోంచి ఒంట్లో బాగోలేదని వెళ్ళిన మనిషి, బాప్తిస్మం ఇచ్చాక, ఈ గేటు లోపలికి రాగలడా? రానిస్తారా? అవతలివాళ్ళు పక్కన కూర్చోనిస్తారా? ఐదో అంకంలో బెల్మాంట్ తోటలో వెన్నెల, సంగీతం, ఉంగరాల సరసాలు. అతని ఆస్తి పత్రం లోరెంజో చేతికి అందుతుంది. అతనెక్కడున్నాడని కన్నకూతురు కూడా అడగదు. మా ఆవిడ వచ్చి భుజం తట్టేదాకా నేను ఆ మైదానంలో బెంచీ మీదే ఉన్నాను.

*

ఇల్లు కొన్న కుర్రాడు హైదరాబాదులో ఇంజనీరు. ఒకప్పటి మా మాలపల్లె వాళ్ళబ్బాయి. బేరం ఆడకుండా కొన్నాడు. రిజిస్ట్రేషన్ అయిన సాయంత్రం తాళాలిద్దామని నేను కొట్టు దగ్గరే ఉన్నాను. తల్లిని వెంటబెట్టుకుని కారులో వచ్చాడు. ఆమెకి డెబ్బై దాటి ఉంటాయి. కారు దిగి నాలుగడుగులు వేసి, ఆ రాతిమెట్టు ముందు ఆగిపోయింది. కొంగు రెండు చేతుల్లోకి తీసుకుంది. ఎందుకు తీసుకుందో ఆమెకి తెలిసినట్టు లేదు.

“పైకి రా అమ్మా, మనదే” అన్నాడు కొడుకు.

నాకు గొంతు పెగల్లేదు. తాళాలు అరుగు మీద పెట్టి, మెట్టు దిగి కిందికొచ్చి, ఆమె పక్కన నిలబడ్డాను. “రండమ్మా” అన్నాను. ఆమె నా మొహంలోకి చూసి, “శెట్టిగారి అబ్బాయివి కదూ, పీటెక్కి పోసేవాడివి” అంది. కోపంగా అనలేదు, ప్రేమగానూ అనలేదు. అవునన్నాను.

మెట్టెక్కి లోపలికెళ్ళింది. ఖాళీ అరలు చూసింది, ఇనప్పెట్టె మీద చెయ్యి వేసింది. తర్వాత గుమ్మంలోకి వచ్చి నిలబడి గాలి పీల్చింది.

“ఇంకా ఇంగువ వాసనే వస్తోంది,” అంది. “కింద నిల్చున్నా వచ్చేది ఇది.”